కిటికీ బయట ఉన్న వైద్యం



మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను మన ఆసుపత్రి వార్డులో తొమ్మిది రోజులు ఉన్నాను. మొదటి రెండు రోజులు నొప్పి తప్ప మరేదీ గుర్తు లేదు. మూడవ రోజు ఉదయం సిస్టర్ గారు కిటికీ తలుపు తీశారు. ఎదురుగా వేపచెట్టు. కొమ్మ మీద ఒక ఉడుత తోక ఎగరేస్తూ ఆపకుండా అరుస్తోంది. కింద పిల్లి కూర్చుని ఉంది. ఆ తగాదా ఎలా ముగుస్తుందో చూస్తూ ఇంజెక్షన్ వేసిన సంగతే గమనించలేదు. ఆ రోజు నుండి పక్క మంచం పెద్దాయన, నేను ఎన్ని రకాల పిట్టలు వచ్చాయో లెక్క చెప్పుకోవడం మొదలుపెట్టాం. డిశ్చార్జి నాటికి మా లెక్క పదకొండు.

ఆ చెట్టును కొట్టించి కార్లకు చోటు చేయాలనే మాట కమిటీ ముందుకు వచ్చిందని విన్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

చోటు కావాలన్నవారి ఇబ్బంది నిజమే. ఘట్‌కేసర్, బోడుప్పల్ నుండి రోగిని తెచ్చినవారు బండి ఎక్కడ ఆపాలో తెలియక రోడ్డు మీదే నిలబడుతున్నారు. వానాకాలంలో రాలిన ఆకులు కాలువలకు అడ్డుపడుతున్నాయి. అయినా ఆ చెట్టు రోగులకు చేసే మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.

ఇది మనసుకు తోచిన మాట మాత్రమే కాదు. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డులు పరిశీలించారు. కిటికీలో నుండి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ మాత్రమే కనిపించిన 23 మందితో పోల్చారు. చెట్లు చూసినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు వారికి తక్కువగా అవసరమయ్యాయి. 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం చిన్నదే గాని, ఆసుపత్రులు కట్టేవారిని ఆలోచింపజేసింది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ వారు 1,292 మందిని ఫోన్ ద్వారా ప్రశ్నించి 2022లో ప్రచురించిన పరిశీలనలో, పక్షులను చూసినా వాటి కూత విన్నా మనసు తేలికపడుతుందనీ, దిగులు జబ్బు ఉన్నవారిలో కూడా అది కనిపించిందనీ తేలింది. ఇది మందులకు బదులు కాదు, మందులకు తోడు.

నాచారంలో ఫ్యాక్టరీల గోడలు, ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు, లారీల దుమ్ము మనకు తెలిసినవే. ఉప్పల్ రోడ్డులో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. ప్రాంగణాల్లో చెట్లు మిగిలాయి. అటు నారపల్లి అడవి ఉంది. కాని మంచం మీద ఉన్న రోగి అక్కడికి వెళ్లలేడు. అతనికి ఉన్న అడవి కిటికీలో కనిపించేంతే.

అందులో చూడవలసినది చాలా ఉంది. శ్రమల కాలంలో రావి ఆకు రాల్చి, ఈస్టరు నాటికి ఎర్రటి లేత చిగురుతో నిలబడుతుంది. అదే రోజుల్లో కానుగ కొత్త ఆకు తళతళలాడుతుంది, వేప పూస్తుంది. ఎండలు ముదిరితే రేల పసుపుపచ్చ గుత్తులు వేలాడదీస్తుంది. కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టి తప్పుకుంటుంది. వేపపండ్లు పండాక గోరింకలు, పికిలిపిట్టలు బారులు తీరుతాయి. కంసాలి సుత్తి దెబ్బల్లా టంక్ టంక్‌మని వినిపించే చిన్న పచ్చపిట్టను, చప్పుడు విని వెతికితే తప్ప చూడలేము.

రోగుల దగ్గర ఉండే బంధువులకు ఒక సలహా. ఎలాగూ చేతిలో ఫోన్ ఉంటుంది. రోజుకు ఒక్క ఫొటో కిటికీలో నుండి తీసి రోగికి చూపించండి. గూటి దగ్గరకు పోవద్దు, ఫ్లాష్ వేయవద్దు. పావురాలకు గింజలు చల్లవద్దు, వాటి రెట్టల పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మూకుడులో నీళ్లు పెడితే రోజూ కడిగి మార్చండి, లేకపోతే దోమలు చేరతాయి. ఉడుతలకు చేతితో తినిపించవద్దు, కరుస్తాయి.

విశ్వాసులకు ఇది కొత్త సంగతి కాదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, తిండి గురించి, బట్ట గురించి దిగులుపడేవారితో ప్రభువు పక్షుల వైపు చూడమని చెప్పారు. ఆ మాటను మనం ప్రసంగాల్లో వింటాం గాని, నిజంగా తల ఎత్తి చూడం. ప్రసిద్ధ బోధకుడు జాన్ స్టాట్ గారు ఆ మాటను అక్షరాలా తీసుకున్నారు. లోకమంతా తిరిగి వాక్యం చెబుతూ పక్షులను చూశారు, ఫొటోలు తీశారు. పక్షులు మనకు నేర్పే పాఠాల మీద 1999లో తాను తీసిన చిత్రాలతో ఒక పుస్తకమే తెచ్చారు.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ఎలాగూ అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు పెట్టకముందు, అడ్డం వచ్చే కొమ్మలు మాత్రమే కత్తిరించి, స్కూటర్లను చెట్టు నీడకు, కార్లను వెనుక గోడ పక్కకు మార్చి ఒక నెల చూడండి. ఆకులు ఊడ్చే పనికి యువజనులు వారానికి ఒకరోజు రాగలరు. మొదటి శనివారం చీపురు పట్టుకుని నేను కూడా వస్తాను. ఇప్పుడు నా మోకాలు బాగానే ఉంది, దేవునికి స్తోత్రం.

నిర్ణయం తీసుకునే రోజున పెద్దలు దయచేసి ఒక్కసారి వార్డులోకి వచ్చి, ఆ కిటికీ పక్క మంచం మీద ఎవరున్నా వారిని అడగండి.