జ్యూస్ డబ్బాతో అమ్మమ్మ సంతకం

మామిడి జ్యూస్ అయిపోయాక ఆ అట్టడబ్బాని పారేయకండి. కడిగి, కత్తిరించి, విప్పి చూడండి. లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది. రెండు నెలలుగా నా రాగి రేకు అదే.

ఎచింగ్ అంటే రాగి, జింకు రేకులు, యాసిడ్, గది నిండా ప్రెస్... అంత హంగామా మనవల్ల కాదని ఎప్పుడూ దాని జోలికి పోలేదు. డబ్బాకి అవేవీ అక్కర్లేదు. జామెట్రీ బాక్సులోని కంపాస్ ముల్లుతో ఆ పొర మీద గీస్తే చాలు, గీత పడుతుంది. అక్కడక్కడా పొరని ఒలిచేస్తే కింద అట్ట తేలుతుంది. అది ఇంకు పీల్చుకుని నల్లమచ్చగా అచ్చవుతుంది. పైనంతా ఆయిల్ ఇంకు పూసి, పాత బనీను ముక్కతో తుడిచేస్తే గీతల్లో మాత్రం ఇంకు మిగులుతుంది. ఆపైన తడి కాగితం పెట్టి నొక్కడమే. ప్రెస్ లేదు కాబట్టి నేను గరిటె వెనకవైపుతో రుద్దాను. భుజం నొప్పి గ్యారంటీ. డబ్బా మడతలు కూడా బొమ్మలో పడతాయి. పడనివ్వండి, బాగుంటాయి.

కాగితం మీద నాలుగు వేశాక నాకు పిచ్చి పట్టింది. కాగితమే ఎందుకు? పచ్చి టేకు ఆకు మీద వేస్తే ఇంకు అంటలేదు. ఎండిన విస్తరాకు గరిటె దెబ్బకి పెళపెళా విరిగింది. లామినేషన్ చేసిన పాత పెళ్లికార్డు మీద బ్రహ్మాండంగా పడింది గానీ, నాలుగు రోజులైనా ఆరలేదు. పీల్చుకునే గుణం లేని చోట నూనె ఇంకు అలాగే జిడ్డుగా కూర్చుంటుంది.

ఇలాంటి వేషాలు నేనే మొదలెట్టలేదు లెండి. 1953లో న్యూయార్క్‌లో రాబర్ట్ రాషెన్‌బర్గ్ 20 కాగితాలు వరసగా అంటించి రోడ్డు మీద పరిచాడు. సంగీతకారుడు జాన్ కేజ్ వాటి మీదుగా తన ఫోర్డ్ కారు నడిపాడు, ఒక టైరుకి నల్లరంగుతో. వచ్చిన ప్రింటు దాదాపు ఏడు మీటర్ల టైరు గుర్తు! ఇప్పుడది శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంది. మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారిది ఇంకో దారి. రంగుల్లో నూనె పాళ్లు మారిస్తే ఒకటి రెండోదాన్ని దగ్గరికి రానివ్వదు. ఆ గుణంతోనే ఒకే రేకు మీద బోలెడు రంగులు పరిచి ఒక్కసారే అచ్చేసే పద్ధతిని పారిస్‌లోని అటెలియర్ 17లో రూపొందించిన వాళ్లలో ఆయన ఒకరు. టేకు ఆకు నన్ను ఓడించాక ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

ఇదంతా చూస్తున్న అమ్మ ఒకరోజు బీరువాలోంచి అమ్మమ్మ నేతచీర తీసింది. అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. చీర ఒక చివర చిరిగిపోయింది, ఆ జానెడు ముక్క ఇస్తానంది. "దీని మీద అమ్మ సంతకం వెయ్యరా" అంది. అమ్మమ్మ నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం అది. పెన్షన్ పుస్తకంలో ఉంది. నాలుగక్షరాలు, నాలుగూ నాలుగు సైజులు.

డబ్బా మీద ఉన్నది ఉన్నట్టు గీసి, న్యూస్‌పేపర్ మీద ట్రయల్ వేశా. అమ్మమ్మ పేరు తిరగబడి వచ్చింది! అచ్చులో కుడి ఎడమవుతుందని తెలిసీ మర్చిపోయా. ఫోన్‌లో ఫొటో తీసి, ఫ్లిప్ కొట్టి, ఇంకో డబ్బా మీద మళ్లీ గీశా. ఆ వంకర్లు నా చేతికి రావడానికి రెండు గంటలు పట్టింది.

మామూలుగా ప్రింటు కింద పెన్సిల్‌తో 3/10 అని రాస్తారు, పదింట్లో మూడోదని. చెడిపోతే ఇంకోటి వేసుకోవచ్చు. ఈ ముక్కకి ఆ వీల్లేదు. పైగా గంజి. ఉతక్కుండా వేస్తే ఇంకు దారంలోకి దిగకుండా పైపైనే ఉండిపోతుంది. గుడ్డని సిద్ధం చేయడమే సగం పని అని కలంకారీ వాళ్లకి ఎప్పుడో తెలుసు. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టాకే రంగు జోలికెళ్తారు, ఆ పాలలోని కొవ్వు రంగుని పాకనివ్వదు. నాది ఆయిల్ ఇంకు కాబట్టి పాలు అక్కర్లేదు. కానీ ఉతికితే అమ్మమ్మ వాసన పోతుంది కదా అని అమ్మని అడిగా. "అది ఎప్పుడో పోయింది, ఉతుకు" అంది.

రెండుసార్లు వేణ్నీళ్లలో ఉతికి, కాస్త తడిగా ఉండగానే డబ్బా మీద పరిచి రుద్దాను. ఎప్పుడూ ఫోన్ వదలని తమ్ముడు కూడా పక్కనొచ్చి నిలబడ్డాడు. ముక్క లేపి చూస్తే మొదటి రెండక్షరాలు, చివరిది చక్కగా పడ్డాయి. మూడోది సగమే. అక్కడ చీరకి పాత రఫూ ఉంది. దారాల ముద్ద ఎత్తుగా ఉండటంతో చుట్టూ గీతలు తగల్లేదు.

నా మొహం మాడిపోయింది. అమ్మ ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ రఫూ మీద వేలు పెట్టింది. "ఇది నేనేసిందే. టెన్త్‌లో ఉన్నప్పుడు. దండెం మేకుకి పట్టి చిరిగితే, అమ్మ తిడుతుందని తనకి తెలీకుండా కుట్టా."

"తెలిసిందా మరి?"

"తెలీకుండా ఉంటుందా" అని నవ్వి, "ఉతకొచ్చా దీన్ని?" అంది.

వారమైనా ఆరాలి అన్నాను. దండెం మీద వేయొద్దని కూడా చెప్పాను.