బాగా తగ్గావురా!

మీ ఫోన్‌లోనూ అలాంటి గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది. డిగ్రీ బ్యాచ్‌దో, ఇంజినీరింగ్‌దో, పాలిటెక్నిక్‌దో. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు, సంక్రాంతికి ముగ్గులు, పుట్టినరోజుకి కేకు బొమ్మలు. మధ్యమధ్యలో అసలు వార్తలు. ఒకరి అమ్మాయికి జేఈఈలో మంచి ర్యాంకు వచ్చింది. ఒకరు గచ్చిబౌలిలో గృహప్రవేశం చేశారు. ఒకరు న్యూజెర్సీ నుంచి మంచు కప్పిన కారు ఫొటో పెట్టారు. ఎవరి నాన్నగారో పోయారు, చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వంద. మర్నాటికి మళ్లీ పువ్వులు.

కాలేజీ వదిలిన ఇరవై, పాతికేళ్లకు మనం పంచుకునే కబుర్లలో ఇల్లుంటుంది, కారుంటుంది, పిల్లల సీట్లుంటాయి. ఒంట్లో ఎలా ఉందన్నది ఉండదు. ఉన్నా, ఎవరో ఒకరు ఉన్నట్టుండి పోయినప్పుడు ‘మొన్నే మాట్లాడాను, బాగానే ఉన్నాడే’ అనే రూపంలో వస్తుంది.

మా బ్యాచ్ కథ చెబుతాను. మేము ఎంబీబీఎస్‌లో చేరి పాతికేళ్లయిన సందర్భంగా అందరం కలిశాం. రెండు రోజుల ఆత్మీయ సమ్మేళనం. గ్రూప్ ఫొటోలో వెనక వరుసలో నిలబడ్డ ఒక మిత్రుడు కాలేజీ రోజుల్లోలా సన్నగా కనిపించాడు. చిన్న పట్టణంలో సొంత నర్సింగ్ హోమ్ నడుపుతున్నాడు. మా అందరికీ పొట్టలు, అతడికి బెల్టులో కొత్త కన్నాలు. ఫొటో గ్రూపులో పడగానే ‘బాగా తగ్గావురా’, ‘సీక్రెట్ చెప్పు’, ‘వీణ్ని చూసి నేర్చుకోండి’ అంటూ మెసేజ్‌లు. ‘కొర్రలు, అరికెలు’ అని నవ్వే బొమ్మ పెట్టాడు. నేనూ ఒక బొటనవేలు ఎత్తి ఊరుకున్నాను.

అయిదు నెలల తర్వాత ఒక రాత్రి డ్యూటీలో ఉండగా ఫోన్ చేశాడు. కాలి మీద పుండు, చలి జ్వరం. మా ఆసుపత్రికే వచ్చాడు. హెచ్‌బీఏ1సీ 12 దాటింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. షుగరుందని అతడికి మూడేళ్లుగా తెలుసు. సొంత మందుల షాపులోంచే గుర్తొచ్చినప్పుడు ఒక మాత్ర వేసుకునేవాడు. డాక్టరుకే షుగరంటే పేషెంట్లు ఏమనుకుంటారోనని ఎవరికీ చూపించుకోలేదు. ‘మరి అంతమంది కలిశాం కదా, ఒక్క మాటైనా చెప్పలేదేంరా’ అన్నాను. ‘అందరూ మెచ్చుకుంటుంటే ఇంకేం చెప్పను’ అన్నాడు.

ఆ గ్రూపులో 118 మంది డాక్టర్లం. అందులో జనరల్ ఫిజీషియన్లమే పదిహేను మంది దాకా ఉంటాం. అదే మనిషి మా ఓపీలో కుర్చీ లాక్కుని కూర్చుని ‘తగ్గిపోతున్నానండీ’ అంటే మొదటి నిమిషంలోనే షుగర్ పరీక్ష రాసేవాళ్లం. స్నేహితుడు కాబట్టి లైక్ కొట్టాం. ఆ బొటనవేలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కాబట్టి మీకు ముందుగా చెప్పేది బరువు సంగతి. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలలు, ఏడాదిలో శరీర బరువులో 5 శాతానికి మించి తగ్గితే కారణం వెతకాలి. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు. షుగర్ అదుపు తప్పినప్పుడు తిన్నది కణాలకు అందదు, చక్కెర మూత్రంలో పోతుంది. శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం తోడుంటే ఇక అనుమానం అక్కర్లేదు, పరీక్షే చేయించాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే క్షయ కావచ్చు. బాగా తింటున్నా తగ్గుతూ, చేతులు వణుకుతూ, గుండె దడగా ఉంటే థైరాయిడ్ చూడాలి. క్యాన్సర్లలో కొన్ని మొదట ఇలాగే బయటపడతాయి. దిగులు జబ్బు కూడా మనిషిని చిక్కిపోయేలా చేస్తుంది. ఆకలి చచ్చిపోతుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. మందుతో, కౌన్సెలింగ్‌తో నయమయ్యే జబ్బు అది.

ఇంట్లోవాళ్లు ఉండగా క్లాస్‌మేట్లు ఎందుకు చూడాలని అడగొచ్చు. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు. రెండేళ్లకోసారి చూసేవాడికి ఒక్క చూపులో తెలుస్తుంది. పైగా మీ క్లాస్‌మేట్‌ది మీ వయసే. అతడికి వచ్చింది మీకూ రావచ్చు. ఆ కబురు మీకు హెచ్చరిక కూడా.

ఆ వయసు గురించే ఒక మాట. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53. మిగతా దేశాలవారికి దాదాపు 59. అంటే సిల్వర్ జూబ్లీకి కలిసే బ్యాచ్ సరిగ్గా ఆ గుమ్మం దగ్గర ఉన్నట్టు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కలో దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. దానికి ముందు దశలో ఉన్నవారు 13.6 కోట్లు. వీళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. బాధ లేదు కాబట్టి కబురూ లేదు.

కాలేజీ మిత్రుల జీవితాలను నిజంగానే దశాబ్దాల పాటు వెంటాడి చూసిన అధ్యయనం ఒకటుంది. 1938లో అమెరికాలోని హార్వర్డ్‌లో 268 మంది విద్యార్థులతో మొదలైంది. బోస్టన్ పేటల్లోని పేద కుటుంబాల కుర్రాళ్లు 456 మంది తర్వాత అందులో కలిశారు. అందరూ మగవాళ్లే, తెల్లవాళ్లే కాబట్టి అన్నీ మనకు వర్తిస్తాయనుకోను. కానీ ఆ అధ్యయనం అడిగిన పద్ధతి నాకు నచ్చుతుంది. రెండేళ్లకోసారి ఉద్యోగం, పెళ్లి, తాగుడు, స్నేహాల గురించి ప్రశ్నలు పంపేవారు. వాటితో సరిపెట్టకుండా వాళ్ల డాక్టర్ల దగ్గర్నుంచి రికార్డులు తెప్పించుకునేవారు. యాభై ఏళ్ల వయసులో తమ అనుబంధాలతో తృప్తిగా ఉన్నవారే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని, ఆ విషయం చెప్పడంలో కొలెస్ట్రాల్ అంకె కూడా అంత పనికిరాలేదని డైరెక్టర్ రాబర్ట్ వాల్డింగర్ చెబుతుంటారు. నాకైతే ఒక అనుమానం. గుడ్ మార్నింగ్ పువ్వులు ఆ అనుబంధం కిందికి వస్తాయా?

మీరు చేయగలిగింది చిన్నదే. గ్రూపులో కాదు, విడిగా ఫోన్ చేయండి. ‘తగ్గినట్టున్నావు. కావాలని తగ్గావా, దానంతటదే తగ్గిందా?’ అని అడగండి. రోజూ జోకులు పెట్టే మనిషి నెల రోజులుగా మాట్లాడకపోతే, అర్ధరాత్రి రెండింటికి పొంతన లేని మెసేజ్‌లు పెడుతుంటే, కారణం చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోతే, ‘వాడంతే’ అనుకోకండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే వాళ్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. మహిళా మిత్రులు ‘కాస్త నీరసం, వయసు కదా’ అంటే నమ్మేయకండి. నలభైల్లో నీరసం వెనక రక్తహీనతో థైరాయిడ్ లోపమో తరచూ దొరుకుతుంది.

చేయకూడనివీ ఉన్నాయి. ఒకరు నమ్మి చెప్పింది గ్రూపులో పెట్టకండి. మీ మాత్ర పేరు ‘నాకు బాగా పనిచేసింది’ అంటూ ఇంకొకరికి పంపకండి. డాక్టర్ క్లాస్‌మేట్ ఉన్నాడని రిపోర్టు ఫొటో పంపి వైద్యం అయిపోయిందనుకోకండి. ఫోన్‌లో నేను పొట్ట నొక్కి చూడలేను. ముప్పై దాటిన వారందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. నోటి క్యాన్సర్‌కూ, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకూ స్క్రీనింగ్ ఉంది. మొహమాటపడాల్సింది ఏమీ లేదు, మేమున్నది అందుకే.

సమ్మేళనాలకు వెళ్లేవారికి ఇంకో మాట. పాతికేళ్లుగా బ్యాటు ముట్టనివారు ఆ ఒక్క పూట క్రికెట్‌లో పాత పౌరుషం చూపించొద్దు. రాత్రి మందు పార్టీ ఉందని బీపీ, షుగర్ మాత్రలు మానొద్దు. ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పడితే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేయాలి.

మా మిత్రుడు డిశ్చార్జి అయ్యాక, నేను చెప్పకుండానే, కట్టు కట్టిన కాలి ఫొటో గ్రూపులో పెట్టాడు. ‘కొర్రలు కాదు, షుగర్’ అని రాశాడు. కాసేపు ఎవరూ ఏమీ పెట్టలేదు. తర్వాత ఒకరు తనకు రెండేళ్ల కిందట స్టెంటు పడిందని రాశారు. ఒకామె రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిందని చెప్పింది. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నానని ఇంకొకరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. పాతికేళ్ల కబుర్లలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఒక్క రాత్రిలో వచ్చాయి. నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్న నేనూ మర్నాడు పరగడుపున వెళ్లి రక్తమిచ్చాను. హెచ్‌బీఏ1సీ 6.1. మధుమేహానికి ముందు దశ. గ్రూపులో పెట్టాను.

వచ్చే జనవరిలో మళ్లీ కలుస్తున్నాం. టిఫిన్ల దగ్గరే ఒక బల్ల వేసి అందరికీ బీపీ, షుగర్ చూద్దామని కార్యక్రమంలో చేర్చాం. అందరూ ఒప్పుకున్నారు. ఒకడు మాత్రం గ్రూప్ ఫొటో అయ్యాకే చూడండిరా అన్నాడు. సరే, ఫొటో అయ్యాకే.