తాలూ గింజా

రామకుప్పం ప్రాంతపు కళ్లంలో రాగులు చెరిగే రైతు ఇల్లాలి చేతిలోని చేటను గమనించినవారికి ఒక సత్యం బోధపడుతుంది. తాలు గాలికి పోతుంది. గింజ చేటలో నిలుస్తుంది. తాలు పోగొట్టే తొందరలో గింజను నేలపాలు చేయకపోవడమే ఆమె నేర్పు. నేటి సమాచార యుగంలో ఈ నేర్పు కంప్యూటరుకూ అవసరమైంది.

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పథకాన్ని ప్రారంభించింది. గ్రామీణులకు కంప్యూటరు సేవలను చేరువ చేయడం దాని ఆశయం. నేడు ఈ-మెయిల్ చేతి ఫోనులోనే ఇమిడిపోయింది. అయితే తెరచిన వాకిట చుట్టాలతోపాటు దొంగలూ ప్రవేశిస్తున్నారు.

అడగనివారికి గుంపగుత్తగా పంపే సందేశమే ‘స్పామ్’. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి పంపిన వ్యాపార ప్రకటనను దీనికి ఆద్యంగా చెబుతారు. పంపేవానికి వ్యయం స్వల్పం. నష్టపోయేది చదివేవాని కాలం, ఒక్కొక్కప్పుడు ధనం. లక్షమందిలో ఒక్కడు నమ్మినా మోసగానికి లాభమే.

దీనికి చట్టమే మందు అని కొందరి వాదం. అమెరికా 2003లోనే ప్రత్యేక చట్టం చేసినా స్పామ్ ఆగలేదు. మన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను, అది భావప్రకటనా స్వేచ్ఛకు భంగకరమని 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. వేషం మార్చి మోసగించడం నేటికీ నేరమే. కాని చట్టం దేశపు సరిహద్దు వద్ద ఆగుతుంది, జాబు ఆగదు. కనుక వడపోత అనివార్యం.

18వ శతాబ్దపు ఆంగ్ల గణితవేత్త థామస్ బేయస్ సంభావ్యతా సూత్రం ఈ వడపోతకు ఆధారమైంది. 2002లో పాల్ గ్రాహం తన వ్యాసంతో ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించాడు. మంచి జాబుల్లో, చెడ్డ జాబుల్లో ఏ మాట ఎంత తరచుగా వస్తుందో యంత్రం లెక్కగట్టి, కొత్త జాబు ఏ కోవకు చెందుతుందో అంచనా వేస్తుంది. మోసగాళ్లు అక్షరాలు మార్చి, మాటలను బొమ్మలలో దాచి దాని కన్నుగప్పజూస్తారు. యంత్రం మళ్లీ నేర్చుకుంటుంది. ఇది తెగని పోరు.

అయినా అంచనా అంచనాయే. రామకుప్పంలోని ఒక విద్యార్థినికి ఉద్యోగపు ఇంటర్వ్యూ పిలుపు వచ్చి, అది స్పామ్ పెట్టెలో పడిందని ఊహించవచ్చు. జీమెయిల్‌లో ఆ పెట్టెలోని జాబులు 30 రోజులకు వాటంతటవే తొలగిపోతాయి. పది చెడ్డ జాబులు కంటబడితే కలిగేది విసుగు మాత్రమే. ఆ ఒక్క జాబు పోతే ఒక కుటుంబపు ఆశే పోతుంది. కనుక అతి కఠినమైన వడపోత మేలైనది కాదు. సందేహాస్పదమైన జాబును దాచి ఉంచడమే వివేకం.

ఈ బాధ్యత యంత్రానిది మాత్రమే కాదు. పెద్దసంఖ్యలో జాబులు పంపేవారు తమ చిరునామా నిజమైనదని సాంకేతికంగా రుజువు చేసుకోవాలని గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుండి నియమం విధించాయి. కళాశాలలు, కార్యాలయాలు దీనిని శ్రద్ధగా పాటించాలి. చదువరి కూడా వారానికొకసారి స్పామ్ పెట్టెను పరిశీలించి, పొరపాటున చేరిన జాబును ‘స్పామ్ కాదు’ అని గుర్తించాలి. ఆ గుర్తే యంత్రానికి పాఠం.

హంసకు క్షీరనీర వివేకం పుట్టుకతోనే అబ్బిందని కవులు వర్ణించారు. యంత్రానికి ఆ వివేకం మనిషి నేర్పవలసినదే. చేట ఎంత మంచిదైనా, చెరిగే చేతిలోనే గింజ భద్రత ఉన్నది.