ఒకటో లేన్ విజేతకు దక్కాల్సిన న్యాయం

1972 సెప్టెంబర్ 2న మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలో 400 మీటర్ల హర్డిల్స్ తుది పోటీని 47.82 సెకన్లలో ముగించి, ఆ పోటీని 48 సెకన్ల లోపు పూర్తి చేసిన తొలి వ్యక్తిగా నిలిచిన ఉగాండా పోలీసు ఉద్యోగి జాన్ అకీ-బువాకు క్రీడా చరిత్ర ఇచ్చిన చోటు ఆయన సాధించినదానికి ఏమాత్రం సరితూగదు. ఆయనకు ముందు రికార్డు నెలకొల్పిన బ్రిటన్ వీరుడు డేవిడ్ హెమరీ, ఆయన తర్వాత ఆ రికార్డును తిరగరాసిన అమెరికన్ ఎడ్విన్ మోజెస్ ఈ పోటీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా గుర్తుకు వస్తారు. ఆ ఇద్దరికీ నడుమ నిలిచి, ఈ పోటీలో మనిషి వేగానికి ఉన్న హద్దును కొత్తచోటికి జరిపిన అకీ-బువా మాత్రం నియంత ఇదీ అమీన్ కాలపు ఉగాండా విషాదంలో ఒక ఉపకథగా మిగిలిపోయాడు. ఈ లోపాన్ని సరిదిద్దవలసిన బాధ్యత ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థల మీద, ఒలింపిక్ ఉద్యమం మీద, ఉగాండా ప్రభుత్వం మీద ఉంది.

ఆయన ఘనతను సరిగా తూచాలంటే ముందుగా ఆ పోటీ స్వభావాన్ని తెలుసుకోవాలి. ట్రాక్‌పై ఒక పూర్తి చుట్టు పరుగెత్తుతూ, దారిలో 91.4 సెంటీమీటర్ల ఎత్తున్న పది అడ్డంకులను దాటడమే పురుషుల 400 మీటర్ల హర్డిల్స్. ప్రారంభ రేఖ నుంచి మొదటి హర్డిల్‌కు 45 మీటర్లు, ఒక హర్డిల్ నుంచి మరొకదానికి 35 మీటర్లు, చివరి హర్డిల్ నుంచి ముగింపు రేఖకు 40 మీటర్లు దూరం ఉంటుంది. రెండు హర్డిల్స్ మధ్య ఎన్ని అడుగులు వేయాలో పరుగువీరుడు ముందే నిర్ణయించుకుని, శ్వాస అందని చివరి వంద మీటర్లలో సైతం ఆ లెక్కను నిలుపుకోవాలి. అడుగుల సంఖ్య బేసి అయితే ప్రతి హర్డిల్‌ను ఒకే కాలు ముందుంచి దాటవచ్చు గానీ, సరిసంఖ్య అయితే ఒక హర్డిల్‌కు కుడికాలు, తర్వాతిదానికి ఎడమకాలు ముందుంచక తప్పదు. అందువల్ల అలసటతో అడుగు కురచ అయినప్పుడు చాలామంది 13 అడుగుల నుంచి ఒక్కసారిగా 15కు మారి, ఆ మార్పు దగ్గర వేగాన్ని పోగొట్టుకునేవారు. ఏ కాలితోనైనా సమానంగా హర్డిల్ దాటగల నేర్పును అలవరచుకున్న అకీ-బువా 14 అడుగుల లెక్కను కూడా వాడుకోగలిగాడు కనుక, ఇతరులు తడబడే చోట ఆయన పరుగు సాఫీగా సాగింది.

మ్యూనిక్ తుది పోటీలో ఆయనకు దక్కినది అన్నిటికన్నా లోపలి వరుస అయిన ఒకటో లేన్. ఆ లేన్‌లో మలుపు మిగతావాటికన్నా ఇరుకుగా ఉండటం వల్ల, పొడవైన అడుగుతో పరుగెత్తేవారి శరీరం వంపుకు ఎదురొడ్డి నిలవడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అయినా సగం దూరం దాకా ముందున్న హెమరీని ఆయన తర్వాతి సగంలో దాటి, చివరి తిన్నని దారిలో అందరికీ దూరమయ్యాడు. అమెరికాకు చెందిన రాల్ఫ్ మాన్ 48.51 సెకన్లలో రజతం, హెమరీ 48.52 సెకన్లలో కాంస్యం గెలిచారు. రెండో స్థానానికీ మూడో స్థానానికీ సెకనులో నూరో వంతు తేడా ఉండగా, మొదటి స్థానానికీ రెండో స్థానానికీ 0.69 సెకన్ల తేడా ఉంది. ఆ వేగంలో అది ఐదు మీటర్లకు మించిన దూరం. హెమరీ పేరిట అంతకు ముందున్న 48.12 సెకన్ల ప్రపంచ రికార్డు, సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున, గాలి పలుచగా ఉండి తక్కువ దూరపు పరుగులకు అనుకూలించే మెక్సికో నగరంలో 1968లో నమోదైంది. అటువంటి సాయమేదీ లేని మ్యూనిక్‌లో, అందరూ వద్దనుకునే లేన్ నుంచి, ఆ రికార్డును సెకనులో మూడు పదో వంతుల మేర మెరుగుపరచడాన్ని అదృష్టం ఖాతాలో వేయడానికి ఎవరికీ వీలులేదు.

సహజ ప్రతిభ అన్న మాటతో దీన్ని తేల్చివేయడమూ అంతే అన్యాయం. ఆఫ్రికా విజేతలు కొండల్లో పుట్టినందువల్లనో పశువుల వెంట తిరిగినందువల్లనో గెలిచారని చెప్పే అలవాటు పాశ్చాత్య క్రీడా రచనలో చాలాకాలం సాగింది. ఉత్తర ఉగాండాలోని లాంగో ప్రాంతంలో, 43 మంది సంతానం ఉన్న ఒక స్థానిక అధికారి ఇంట 1949లో పుట్టి, బాల్యంలో పశువులను కాచిన అకీ-బువా జీవితం ఆ కథనానికి సులువుగా ఒదిగిపోయింది. వాస్తవంలో ఆయన గెలుపు వెనుక ఏళ్ల తరబడి పద్ధతి ప్రకారం సాగిన శిక్షణ ఉంది. తండ్రి మరణంతో చదువు ఆగిపోయి పోలీసు శాఖలో చేరాక, ఆ శాఖ క్రీడా జట్టులో ఆయన ప్రతిభ బయటపడింది. 1968లో ఉగాండా జాతీయ శిక్షకుడిగా వచ్చిన బ్రిటన్‌వాసి మాల్కం ఆర్నాల్డ్ ఆయనను 110 మీటర్ల హర్డిల్స్ నుంచి 400 మీటర్ల వైపు మళ్లించాడు. 1970లో ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్న యువకుడు, సుమారు 11 కిలోల బరువున్న చొక్కా తొడుక్కుని, పోటీలో ఉండే ఎత్తుకన్నా పైకి నిలిపిన హర్డిల్స్ మీదుగా, పోటీ దూరానికి ఎన్నో రెట్లు పరుగెత్తి ఒళ్లు గట్టిపరచుకున్నాడు. ఆధునికమైన ట్రాక్ గానీ, శాస్త్రీయ ప్రయోగశాల గానీ అందుబాటులో లేని దేశంలో ఒక శిక్షకుడూ ఒక శిష్యుడూ కలిసి ఆలోచనతో నిర్మించుకున్న విజయం అది. దాన్ని పుట్టుకతో వచ్చిన వరంగా చిత్రించడమంటే ఆ శ్రమను, అందులోని మేధను కాజేయడమే.

ఈ శ్రమ మరుగున పడిపోవడానికి రెండో కారణం రాజకీయం. 1971 జనవరిలో సైనిక తిరుగుబాటుతో అధికారం చేజిక్కించుకున్న ఇదీ అమీన్, పదవి కోల్పోయిన మిల్టన్ ఒబోటేది లాంగో ప్రాంతమే కావడంతో, సైన్యంలోని లాంగీ, అచోలీ జాతుల వారిని వేల సంఖ్యలో చంపించాడు. 1972 ఆగస్టులో, మ్యూనిక్ పోటీకి సుమారు నాలుగు వారాల ముందు, దేశంలోని ఆసియావాసులు 90 రోజుల్లో వెళ్లిపోవాలని ప్రకటించాడు. తరాలుగా అక్కడ స్థిరపడిన భారత సంతతి కుటుంబాలు ఆస్తులన్నీ వదులుకుని, కట్టుబట్టలతో బయలుదేరవలసి వచ్చిన ఆ రోజుల్లోనే, అమీన్ వేటాడిన జాతికి చెందిన ఒక యువకుడు ఉగాండాకు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. నియంత ఆయనకు పదోన్నతి, ఇల్లు ఇచ్చి, కంపాలాలో ఒక రహదారికి ఆయన పేరు పెట్టి, ఆ విజయాన్ని తన పాలనకు అలంకారంగా వాడుకున్నాడు. ఆ సత్కారాన్ని కాదనగల స్వేచ్ఛ ఆ దేశంలో ఆనాడు ఎవరికీ లేదు. మ్యూనిక్ క్రీడల్లోనే, ఆ తుది పోటీ జరిగిన మూడు రోజులకు, ఇజ్రాయెల్ బృందంపై జరిగిన ఉగ్రవాద దాడిలో ఆ బృందానికి చెందిన 11 మంది ప్రాణాలు కోల్పోవడంతో ప్రపంచ దృష్టి సహజంగానే అటు మళ్లింది. ఆ ఒలింపిక్స్ తలచుకున్నప్పుడు ఆ దారుణం ముందుగా గుర్తుకు రావడం న్యాయమే గానీ, అక్కడి క్రీడా ఘనతలు చెరిగిపోవడానికి అది కారణం కాకూడదు.

తన బిరుదును నిలుపుకోవడానికి దక్కవలసిన అవకాశం కూడా ఆయనకు దక్కలేదు. వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికాలో న్యూజిలాండ్ రగ్బీ జట్టు పర్యటించినా, న్యూజిలాండ్‌ను ఒలింపిక్స్ నుంచి దూరంగా ఉంచడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అంగీకరించకపోవడంతో, 1976 మాంట్రియల్ క్రీడలను ఉగాండాతో సహా పాతికకు పైగా దేశాలు బహిష్కరించాయి. అక్కడ మోజెస్ 47.63 సెకన్లలో గెలిచి అకీ-బువా రికార్డును అధిగమించాడు. దక్షిణాఫ్రికాలోని సొవెటోలో పాఠశాల పిల్లలపై కాల్పులు జరిగిన కొద్ది వారాలకే ఎదురైన ఆ సందర్భంలో ఆఫ్రికా దేశాల నిరసనకు ఆధారమైన న్యాయం తిరుగులేనిది. వర్ణవివక్షను ప్రపంచం ముందు దోషిగా నిలబెట్టడంలో క్రీడా బహిష్కరణలు పోషించిన పాత్రను తక్కువ చేయడం చరిత్రకు ద్రోహమవుతుంది. అయితే ఆ న్యాయపోరాటపు మూల్యాన్ని ప్రభుత్వాధినేతలు చెల్లించలేదు. నాలుగేళ్లు చెమటోడ్చిన క్రీడాకారులు, తమను ఎవరూ సంప్రదించని నిర్ణయానికి, జీవితంలో మళ్లీ రాని అవకాశాన్ని అర్పించారు. వారి త్యాగాన్ని పోరాటంలో భాగంగా గుర్తించి గౌరవించవలసిన సంస్థలు, పతకాల పట్టికలో వారి పేరు లేని కారణాన్ని కూడా నమోదు చేయకుండా ఊరుకున్నాయి. తన నిర్ణయాల వల్ల క్రీడాకారుడు కోల్పోయినదాన్ని లెక్కలోకి తీసుకోని వ్యవస్థకు అతని విజయాన్ని తనదిగా చెప్పుకునే అర్హత ఉండదు.

1979లో టాంజానియా సేనలు కంపాలాను పట్టుకుని అమీన్ పాలనను కూల్చినప్పుడు అకీ-బువా కుటుంబంతో కెన్యాకు పారిపోయి శరణార్థి శిబిరంలో చిక్కుకున్నాడు. ఏడేళ్ల కిందట ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఒలింపిక్ విజేతను ఆదుకోవడానికి ముందుకు వచ్చింది ఆయన బూట్లు తయారుచేసిన జర్మన్ సంస్థ ప్యూమా. ఆ సంస్థలో ఉద్యోగం చేస్తూనే 1980 మాస్కో క్రీడల్లో ఉగాండా తరఫున పరుగెత్తినా, ఆయనకు పతకం దక్కలేదు. తర్వాత స్వదేశానికి తిరిగివచ్చి పోలీసు శాఖలో, క్రీడా శిక్షణలో పనిచేసిన ఆయన 1997 జూన్ 20న, 47 ఏళ్ల వయసులో కంపాలాలో కన్నుమూశాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపిన దేశం, ఆయన బతికి ఉండగా ఆ అనుభవాన్ని కొత్త తరాల శిక్షణకు పూర్తిగా వాడుకోగలిగే ఏర్పాటు చేసి ఉంటే అంతకు మించిన గౌరవం ఉండేది కాదు. ఉగాండాకు మరో ఒలింపిక్ స్వర్ణం రావడానికి 2012 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో స్టీఫెన్ కిప్రోటిచ్ గెలిచేదాకా 40 ఏళ్లు పట్టిందన్న వాస్తవం ఆ నిర్లక్ష్యపు ఖరీదును చూపుతుంది.

ఒకే ఒక్క ఒలింపిక్ స్వర్ణం గెలిచిన వ్యక్తిని, 1977 నుంచి 1987 వరకు వరుసగా 122 పోటీల్లో ఓటమి ఎరుగని మోజెస్ సరసన నిలపడం తగునా అన్న ప్రశ్న సహేతుకమైనదే. మోజెస్ గొప్పతనాన్ని తగ్గించవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే విజయాల సంఖ్య, అవి దక్కడానికి కావలసిన భద్రత, స్వేచ్ఛ, ప్రయాణం, పోటీల లభ్యత అన్న పరిస్థితులతో ముడిపడి ఉంటుంది. వాటిలో ఏదీ తన చేతుల్లో లేని క్రీడాకారుడి విషయంలో ఆ సంఖ్య ఒక్కటే కొలమానమైతే, శాంతి ఉన్న దేశాల పౌరులకే చరిత్రలో చోటు దక్కుతుంది. ఒక పోటీని ఎవరు ఎంత ముందుకు నడిపారన్న ప్రశ్న అంతకన్నా న్యాయమైన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే, 48 సెకన్ల హద్దును దాటవచ్చని నిరూపించిన మ్యూనిక్ పరుగు, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో నార్వే యువకుడు కార్‌స్టెన్ వార్‌హోమ్ నెలకొల్పిన 45.94 సెకన్ల దాకా సాగిన దారిలో తప్పనిసరి మైలురాయి.

ఆయన వారసత్వం అంకెల దగ్గర ఆగలేదు. అప్పటిదాకా నల్లజాతి ఆఫ్రికన్లకు అథ్లెటిక్స్‌లో దక్కిన ఒలింపిక్ స్వర్ణాలన్నీ 1,500 మీటర్లు, అంతకు మించిన పరుగుల్లోనివే. వేగంతో పాటు సూక్ష్మమైన సాంకేతిక నైపుణ్యం కావలసిన పోటీలు తమకూ అందుతాయని ఆ ఖండానికి మ్యూనిక్ చాటింది. 1988 సోల్‌లో రజతం గెలిచిన సెనెగల్ క్రీడాకారుడు అమదూ దియా బా, 1991లో ప్రపంచ విజేత అయిన జాంబియా వీరుడు శామ్యూల్ మతేతే అదే పోటీలో ఆఫ్రికా పేరు నిలిపారు. మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి చేర్చిన 1984 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవాకిల్ స్వర్ణం గెలిచింది. పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యానికి దూరమై భారతీయుల గుండెల్లో నిలిచిపోయిన తుది పోటీ అదే. అకీ-బువాను తీర్చిదిద్దిన ఆర్నాల్డ్ తర్వాతి కాలంలో బ్రిటన్‌లో 110 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ రికార్డు వీరుడు కోలిన్ జాక్సన్‌ను, 2011లో 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ విజేత డాయ్ గ్రీన్‌ను తయారుచేశాడు. కంపాలాలో పరీక్షకు నిలిచిన శిక్షణ అనుభవం సంపన్న దేశానికి చేరి ఫలించగా, అది మొదట పండిన నేల మాత్రం బీడుగా మిగిలింది.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. హర్డిల్స్ శిక్షకుల పాఠ్యాంశాల్లో అకీ-బువా అడుగుల లెక్క, రెండు కాళ్ల నైపుణ్యం, శిక్షణ పద్ధతి ఆయన పేరుతోనే బోధించేలా ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ చర్య తీసుకోవాలి. బహిష్కరణల వల్ల పోటీకి దూరమైన క్రీడాకారుల చరిత్రను అధికారికంగా నమోదు చేసి, వారిలో జీవించి ఉన్నవారిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గౌరవించాలి. 2016 రియో క్రీడల నుంచి శరణార్థుల జట్టుకు చోటు కల్పిస్తున్న ఆ కమిటీ, పోటీల రోజులకే పరిమితం కాకుండా, యుద్ధం వల్లనో నియంతృత్వం వల్లనో నిరాశ్రయులైన మాజీ క్రీడాకారులకు కూడా శాశ్వత సహాయ వ్యవస్థ ఏర్పాటు చేయాలి. లీరా పట్టణంలో ఆయన పేరిట స్టేడియం నిర్మిస్తామని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన ఉగాండా ప్రభుత్వం ఆ మాటను పూర్తిగా నెరవేర్చి, అక్కడ హర్డిల్స్ శిక్షణకు అవసరమైన ట్రాక్‌ను, శిక్షకులను సమకూర్చాలి.

భారతదేశం కూడా నేర్చుకోవలసినది ఇందులో ఉంది. పోలీసు, రైల్వే, సైనిక శాఖల ఉద్యోగాల ఆసరాతోనే ఇక్కడి అథ్లెట్లలో ఎక్కువమంది ఎదుగుతున్నారు. ఒలింపిక్స్‌కు ఆతిథ్యమివ్వాలని కోరుకుంటున్న దేశం, విజేతకు నగదు పురస్కారం ప్రకటించి వేదికపై పక్కన నిలబడటంతో తన బాధ్యత తీరిందనుకుంటే, ఆ విజయాన్ని ప్రచారానికి వాడుకోవడమే అవుతుంది. ప్రతిభను గుర్తించే దశలో ఓర్పు గల శిక్షకుడు, పోటీల దశలో రాజకీయ నిర్ణయాల నుంచి రక్షణ, విరమణ తర్వాత అనుభవాన్ని పంచగల గౌరవప్రదమైన ఉద్యోగం క్రీడాకారుడికి రాజ్యం దయతో ఇచ్చే కానుకలు కావు, హక్కుగా అందవలసిన భద్రతలు. అకీ-బువాకు వీటిలో మొదటిది మాత్రమే పూర్తిగా దక్కింది. అదొక్కటీ ఆయనను ప్రపంచ శిఖరానికి చేర్చింది. మిగిలిన రెండూ సరిగా అందించని వ్యవస్థలు ఆ తప్పును ఒప్పుకుని, ఆయన పరుగుకు హర్డిల్స్ చరిత్రలో దక్కవలసిన ప్రథమ శ్రేణి స్థానాన్ని ఇకనైనా ఇచ్చితీరాలి.