ఇంటికి వచ్చిన గ్రంథాలయము

వంటయింటి పని ముగియునప్పటికి ఊరి గ్రంథాలయము మూయబడును. ఖరగ్‌పూరు ఐఐటీ వారు రూపొందింపగా 2018 జూన్ 19న జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయమునకు వేళ యను నియమము లేదు, రుసుమును లేదు. చేతి ఫోనులోనే చూడవచ్చును.

అయితే వెదకుటకు నేర్పు కావలెను. సామర్లకోట భీమేశ్వరాలయ చరిత్రము గోరు సోదరి యూరి పేరొక్కటే వ్రాసి విసుగు చెందరాదు. ఈ యూరు శాసనములలో చాళుక్య భీమవరము, ఇంగ్లీషు పుస్తకములలో సామల్‌కోట్, ఆలయము కుమారారామము. మనము వ్రాసిన యక్షరములనే యంత్రము వెదకును. పేర్లన్నియు నెరిగి యడుగవలసినది మనమే.

దొరకిన గ్రంథము పేరు, సంవత్సరము, పుట గుర్తు వ్రాసికొనుడు. పుస్తకము తెరువబడనిచో ఊరి గ్రంథాలయాధికారి నడుగుడు. స్థలపురాణమేదో శాసనమేదో బిడ్డలకు విడదీసి చెప్పు తల్లి మాటకు బలము హెచ్చునని మా నమ్మకము.