తిత్తి నిండా ఊపిరి, ఏడాది నిండా సాధన



జనవరి 29న ఢిల్లీలో జరిగే బీటింగ్ రిట్రీట్ కార్యక్రమాన్ని మీలో అనేకులు టీవీలో చూసే ఉంటారు. చంకలో సంచి పెట్టుకొని, భుజము మీద మూడు గొట్టములు నిలుపుకొని, వాయిస్తూ నడిచే సైనికులు అందులో కనబడతారు. ఆ వాద్యము పేరు బ్యాగ్‌పైప్. మన సైన్యమునకు అది బ్రిటిషు కాలములో స్కాట్లండు పటాలముల ద్వారా వచ్చినది. ఆ స్కాట్లండు సైనిక బ్యాండువారి ఏడాది ఎట్లు గడుస్తుందో ఈ నెల మనము తెలిసికొందము.

మన పల్లెలలో వీధి నాటకమునకు శ్రుతి పట్టే తిత్తిని ఎరిగినవారికి దీనిని గూర్చి చెప్పుట సులభము. నోటితో ఊది తిత్తిని నింపుతారు, మోచేతితో అదుముతారు. పైనున్న మూడు గొట్టములు ఎడతెగక శ్రుతి పలుకుచుండగా, క్రింది గొట్టము మీద వ్రేళ్లతో పాట వాయిస్తారు. దానిలో స్వరములు 9 మాత్రమే. మెల్లగా వాయించుటకు గాని, పాట నడుమ క్షణము ఆగుటకు గాని వీలుండదు. కనుక ఒక్కని శ్రుతి తప్పినా వినేవారందరికీ తెలిసిపోతుంది.

క్రొత్తవానికి మొదటనే తిత్తి ఇవ్వరు. ఒక చిన్న గొట్టము చేతికిచ్చి నెలల తరబడి వ్రేళ్లకు అభ్యాసము చేయిస్తారు. ఇందుకై సైన్యమునకు ఎడిన్‌బరో నగరములో ప్రత్యేకమైన పాఠశాల ఉన్నది. జట్టు నాయకుని పైప్ మేజర్ అంటారు. వాయించే ముందు ఆయన ఒక్కొక్కరి యొద్దకు వెళ్లి, చెవియొగ్గి విని, గొట్టములు సరిచేస్తాడు. సన్నాయికి ఉన్నట్లే దీనికిని పీకలుంటాయి. చలికి, ఊపిరిలోని తేమకు అవి మారిపోతాయి గనుక ఈ పని ప్రతిసారి మరల చేయవలసినదే.

ఇక వారి ఏడాది చూడండి. జనవరి 25 రాత్రి కవి రాబర్ట్ బర్న్స్ జన్మదిన విందులు. అక్కడ వంటకమును మోసికొని వచ్చేవారి ముందు పైపరు వాయిస్తూ నడుస్తాడు. వేసవిలో కవాతులు, ఊరూర ఆటల పోటీలు. ఆగస్టులో ఎడిన్‌బరో కోట ముంగిట మిలిటరీ టాటూ అనే గొప్ప ప్రదర్శన. 1950లో ఆరంభమైన ఆ వేడుక ముగింపులో కోట గోడ మీద ఒక్క పైపరు నిలిచి వాయిస్తాడు. సెప్టెంబరు మొదటి శనివారము బ్రేమార్ గ్రామములో క్రీడోత్సవము.

నవంబరు వచ్చేసరికి పాట మారుతుంది. ఆ నెల రెండవ ఆదివారము యుద్ధములలో మరణించినవారి జ్ఞాపక దినము. స్మారక స్తంభముల యొద్ద 'ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్' అనే శోక గీతము వాయిస్తారు. 1513లో ఫ్లాడెన్ యుద్ధములో కూలినవారిని తలచుకొనే రాగమది. అంత్యక్రియలలో, జ్ఞాపక కూడికలలో తప్ప దానిని నలుగురిలో వాయించుటకు అనేకమంది పైపర్లు ఒప్పుకొనరు.

ఆ దుఃఖము వారికి పరాయిది కాదు. ఏలయనగా ఈ బ్యాండువారు మొదట సైనికులు, ఆ తరువాతే వాద్యకారులు. పటాలము యుద్ధమునకు వెళ్లితే వారును ఆయుధము పట్టి వెళ్లవలసినదే. 1915 సెప్టెంబరు 25న ఫ్రాన్సు దేశములోని లూస్ యొద్ద విషవాయువు క్రమ్మి సైనికులు కందకములో కలవరపడుచుండగా, డేనియల్ లైడ్‌లా అనే పైపరు గట్టు మీదికెక్కి, గుండ్లు దూసుకొని పోవుచుండగా అటునిటు నడుస్తూ వాయించెను. సైనికులు ధైర్యము తెచ్చుకొని ముందుకు సాగిరి. గాయపడినను ఆయన బ్రతికెను. విక్టోరియా క్రాస్ పతకము పొందెను.

ఇదే వాద్యము మన కీర్తనను కూడ లోకమునకు వినిపించినది. ఒకప్పుడు బానిసల ఓడకు నాయకుడైయుండి, తరువాత సేవకుడైన జాన్ న్యూటన్ వ్రాసిన 'అమేజింగ్ గ్రేస్' 1779లో అచ్చయినది. దాని రాగమును రాయల్ స్కాట్స్ డ్రాగూన్ గార్డ్స్ బ్యాండు వాయించగా, 1972లో ఆ రికార్డు బ్రిటనులో 5 వారములు మొదటి స్థానములో నిలిచినది.

విందు యొద్ద తిత్తిని నింపిన ఊపిరే సమాధి యొద్దను నింపవలెను. రెంటికిని శ్రుతి ఒకటే, సాధన ఒకటే. ఈసారి టీవీలో ఆ బ్యాండు కనబడినప్పుడు మీ పిల్లలను దగ్గరకు పిలిచి, ఆ నాలుగు నిమిషముల పాట వెనుక ఎన్ని నెలల చిన్న గొట్టపు అభ్యాసమున్నదో చెప్పండి.