ముల్లు కదలకపోతే ఏంటట?

"మీటరు పనిచెయ్యకపోతే ఏంటి సార్, బండి నడుస్తోందిగా!" కార్బ్యురేటర్ కాలం నాటి నా మారుతి 800 చూసి ఓ మెకానిక్ ఇచ్చిన సలహా. ఇలాగే అనేవాళ్ళు బోలెడుమంది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఆ మీటర్లో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవండీ. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు తిరుగుతూ మీటర్లో అయస్కాంతాన్ని తిప్పుతుంది, ముల్లు లేస్తుంది. 1902లో ఒట్టో షుల్జ్ పేటెంటు చేయించిన పద్ధతే. కిలోమీటర్ల అంకెలు తిరిగేదీ ఆ కేబులుతోనే. అది తెగితే వేగమే కాదు, లెక్కా ఆగిపోతుంది. ఆయిలు ఎప్పుడు మార్చాలో తెలీదు. రేపు "తక్కువ తిరిగిన బండి" అని కొనేవాడికి టోపీ! కొందరు కేబులు కావాలనే ఊడదీసి తిరిగేది అందుకే.

ఇంతాచేసి పనెంత? గేర్‌బాక్సు దగ్గరా, మీటరు వెనకా రెండు కొసలూ విప్పి, కొత్తది ఎక్కడా మెలిపడకుండా లాగి బిగించడమే. ముల్లు వణకడం మొదలైనప్పుడే పట్టించుకుంటే నడిరోడ్డు మీద తెగేదాకా రాదు. డ్రైవరుకి వేగం చూపించే మీటరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి.

తప్పుడు లెక్క చూపించే ప్రోగ్రాము రిలీజు చేస్తే మా మేనేజరు ఊరుకోడు. మరి లెక్క ఆగిన బండిని ఇంకొకడికి అంటగట్టడానికి మనకి మనసెలా ఒప్పుతోంది?